గోతిలో దిగిన కెమెరా

దుక్కి దున్నుతున్న కుర్రాడి నాగలికి ఏదో తగులుతుంది. మట్టి పెళ్లల మధ్య పుర్రె. అందులో ఇంకా చెడని కన్ను, పక్కన కాస్త బొచ్చు. పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్ల ఇంగ్లిష్ పల్లె అది. 1971లో వచ్చిన ‘ది బ్లడ్ ఆన్ సేటన్స్ క్లా’ ఇలా మొదలవుతుంది.

నేను కెమెరా అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో లో యాంగిల్ అంటే నాకు తెలిసింది ఒకటే. హీరో కారు దిగాలి, ముందు బూటు కనపడాలి, తర్వాత మనిషి ఆకాశమంత ఎత్తున నిలబడాలి. ఈ సినిమాలోనూ కెమెరా చాలాసార్లు నేలబారునే ఉంటుంది. కానీ ఇక్కడ పెద్దదయ్యేది మనిషి కాదు, మట్టి. దర్శకుడు పియర్స్ హాగార్డ్, కెమెరామన్ డిక్ బుష్ కలిసి కెమెరా దించడానికి నేలలో గోతులు తవ్వించారు. గడ్డి, ముళ్లకొమ్మలు, తెగిన చాళ్లు ముందుకొస్తాయి, మనుషులు వాటి వెనక తిరుగుతుంటారు. దయ్యం తెర మీదకి రాకముందే, భూమిలోంచి ఎవరో మనల్ని చూస్తున్నారనిపిస్తుంది. ఇది చూశాకే నేనొకసారి వేరుశెనగ చేలో గోనెసంచి పరిచి, దాని మీద కెమెరా పెట్టాను. కాయలు ఏరుతున్న అవ్వ చేతులు ఎంత పెద్దవో అప్పటిదాకా నేను చూడలేదు.

తీసింది టైగాన్ అనే చిన్న కంపెనీ. చేతిలో డబ్బు తక్కువ కాబట్టి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బిక్స్ బాటమ్ లోయకి, అక్కడ శిథిలమైన పాత చర్చికి వెళ్లారు. ఆ మొండిగోడల్లో ఉన్నది ఏ సెట్టులోనూ రాదు. దయ్యం పట్టిన ఊరి పిల్లల ఒంటి మీద అక్కడక్కడా బొచ్చు మొలవడమే వాళ్లకున్న పెద్ద ట్రిక్కు. అతికించిన వెంట్రుకలే అవి. అయినా మనకి తెలిసిన పిల్ల కాలి మీద మొలిచాయి కాబట్టి మన చర్మం జలదరిస్తుంది. చివర్లో దయ్యం నిండుగా కనపడగానే ఆ జలదరింపు పోతుంది. స్లో మోషనూ మంటా ఎంత కప్పినా వేషం వేషంలాగే ఉంటుంది.

రాబర్ట్ విన్-సిమన్స్ ఈ సినిమాని ముందు మూడు విడికథలుగా రాశాడు. ఆ అతుకులు ఇంకా కనపడతాయి. మొదట్లోనే పిచ్చెక్కిన ఒక పెళ్లికూతురిని తీసుకుపోతారు, ఆమె మళ్లీ తెర మీదకి రాదు. చాలామందికి ఇది లోపం. నాకు కాదు. ఊరికి పట్టిన కీడు ఒక్కొక్కరినీ ఇలాగే, ఏ జవాబూ చెప్పకుండా తీసుకుపోతుంది.

ఇక నాకు మింగుడుపడని సంగతి. టైగాన్ అధినేత టోనీ టెన్సర్ 1960లో మైకేల్ క్లింగర్‌తో కలిసి లండన్ సోహోలో సినిమా క్లబ్బు పెట్టినవాడు. నగ్నత్వాన్ని అమ్మే సినిమాలు తీశాడు, పొలాన్‌స్కీ ‘రిపల్షన్’కీ డబ్బు పెట్టాడు. 1970లో బ్రిటిష్ సెన్సార్ ఎక్స్ సర్టిఫికెట్ వయసును పదహారు నుంచి పద్దెనిమిదికి పెంచింది. పెద్దలకే అన్నాక ఒళ్లూ నెత్తురూ ఉండాలన్నది ఆనాటి బేరం. ఆ చర్చి శిథిలాల్లోనే కాథీ అనే అమ్మాయి మీద అత్యాచారం జరుగుతుంది. చుట్టూ మూగినవాళ్ల ముఖాల మీద ఉన్మాదాన్ని కెమెరా గొప్పగా పట్టుకుంది. అక్కడ ఆగితే చాలు. ఆగదు. ఆ బాధని చూసి ప్రేక్షకుడు టికెట్టు గిట్టుబాటైందనుకోవాలన్నట్టు ఇంకా సాగుతుంది. గొయ్యి తవ్వించిన లేమికి నేను దండం పెడతాను. కాథీకి జరిగినదాన్ని అంతసేపు చూపించడానికి మాత్రం ఆ లేమిని సాకుగా ఒప్పుకోలేను. ఆ సీను రాగానే ప్రతిసారీ ధ్వని ఆపేసి, కెమెరా ఎక్కడుందో మాత్రమే చూస్తాను.

జడ్జి వేషం వేసిన పాట్రిక్ వైమార్క్ సినిమా విడుదల కాకముందే, 1970 అక్టోబరులో చనిపోయాడు. దయ్యాన్ని చంపేది ఆ జడ్జే. చివరి ఫ్రేములో మంటల వెనక నుంచి అతని కన్ను ఒక్కటే కనపడుతుంది, అక్కడే బొమ్మ ఆగిపోతుంది. చాలులో దొరికిన కన్నూ ఇలాగే, రెప్ప వాల్చకుండా చూసింది.