'ఈద్‌గాహ్' కథలో ముసలితనము, ఇంటివారి విధి

హిందీ రచయిత ప్రేమ్‌చంద్ 1933లో వెలువరించిన 'ఈద్‌గాహ్' కథను పిల్లల కథగా చదువుట మనకు అలవాటు. దానిని ముసలివారి కథగా కూడ చదువవలెనని మా అభిప్రాయము. రచయిత హిందువు, కథలోని ఇల్లు ముస్లిముల ఇల్లు. మారిషస్‌లో ముస్లిము పొరుగువారితో తరతరాలుగా కలిసి బ్రతుకుచున్న మనకు ఆ ఇల్లు కొత్తది కాదు.

కథ చిన్నది. హమీద్‌కు నాలుగైదేండ్లు. తల్లిదండ్రులు చనిపోయిరి. నాయనమ్మ అమీనా కుట్టుపని చేసి వానిని పెంచుచున్నది. పండుగనాడు ఇంటిలో మిగిలినది రెండణాలు: పిల్లవాని జేబులో మూడు పైసలు, ముసలమ్మ సంచిలో అయిదు. తోడి పిల్లలు మిఠాయిలు తిని, బొమ్మలు కొన్నారు. హమీద్ మాత్రము ఇనుప పట్టకారు కొన్నాడు. పెనము మీది రొట్టె తీయునప్పుడు నాయనమ్మ వ్రేళ్ళు కాలుచున్నవని వానికి తెలియును.

చాలామంది ఇక్కడ పిల్లవాని త్యాగమును పొగడుదురు. మాకు త్యాగముకంటె వాని చూపు గొప్పగా తోచినది. నోరూరుచున్నప్పుడు మిఠాయి మానుట కష్టమే. ముసలమ్మకు ఎక్కడ బాధ కలుగుచున్నదో ఆమె అడుగకుండానే కనిపెట్టుట ఇంకను కష్టము.

ఇస్లాము చెప్పునదియు దీనికి దగ్గరగానే ఉన్నది. ఖురాను 17వ అధ్యాయము 23, 24 వాక్యములలో దేవుని ఆరాధన తరువాత వెంటనే తల్లిదండ్రుల సేవ చెప్పబడినది. వారు ముసలివారైనప్పుడు విసుగుతో చిన్న మాటయైనను అనరాదని, అణకువతో మెలగవలెనని, వారిని కరుణించుమని దేవుని వేడవలెనని అందలి భావము. పేదలైన తల్లిదండ్రులను పోషించుట సంతానము విధియని ఇస్లాము న్యాయశాస్త్రము చెప్పును. ఈ వాక్యములలో మాత్రము డబ్బు లెక్క లేదు. మాట తీరు, మనసు తీరు ఉన్నవి.

అయితే కథలో ఒక లోపము మాకు కనబడినది. నమాజు వరుసలో ధనికుడు, పేద అను భేదము లేదని రచయిత మెచ్చుకొన్నాడు. రంజాను పండుగ నమాజుకు ముందే పేదలకు ఫిత్రా దానము ఇయ్యవలెనను నియమము కూడ కలదు. ఆ దానము అమీనా గుమ్మమునకు వచ్చినట్లు కథలో లేదు. పైగా పండుగ మామూళ్ళకు ఊరి పనివారు తన వద్దకు వత్తురని ఆమెకే బెంగ. ఊరి పెద్దలు ఏమి చేసిరని రచయిత అడుగలేదు. పెద్దలు మోయవలసిన బరువు పసివాని మీద పడగా, మనము దానిని చూచి ముచ్చటపడుచున్నాము.

ఈ మాట మనకును తగులును. మన దీవిలో 1958లో వృద్ధాప్య పింఛను అందరికి వర్తింపజేసిరి. అది గొప్ప మేలు. పిల్లలు ఫ్రాన్సులోనో ఇంగ్లండులోనో ఉండి టెలిఫోను చేయుదురు, డబ్బు పంపుదురు. అదియు మంచిదే. కాని మెట్టు ఎక్కలేని కాలును, కండ్లు కనబడక ఆపివేసిన కుట్టుపనిని పింఛను చూడలేదు. ఇంటిలో ఎవరో ఒకరు చూడవలెను. ఇంటిలో ఎవరును లేనిచో పొరుగువారును, సంఘమువారును చూడవలెను.

తెలుగు తరగతులలో ఈ కథను చెప్పు ఉపాధ్యాయులకు మా మనవి ఒకటి. నీతి ఏమని పిల్లలను అడుగుటతో ఆపకుడు. మీ ఇంటి అవ్వకు, పక్కింటి దాదీకి ఏ పనిలో చేయి కాలుచున్నదో చూచి రమ్మని పంపుడు. మరుసటి వారము వారు తెచ్చిన జవాబులను తల్లిదండ్రుల ముందు చదివించుడు.