మజిలీ

గడచిన ఆదివారమున మా మేనల్లుడు సోమాజిగూడలోని మా యింటికి వచ్చి, బల్లమీద పటము పరచి, “మామయ్యా, మూడు రోజుల్లో గోలకొండ పాతదారిలో బందరుదాకా కారులో పోయొద్దాం” అనినప్పుడు నాకు కలిగిన సంతోషము, అతడు ప్రయాణపు పట్టికను చదువ నారంభించినంతనే సగమైపోయెను. తొలిరాత్రి ఫలక్‌నుమాలో బస. మలిరాత్రి బెజవాడలో, ఒక క్రొత్త హోటలులో బస. హయత్‌నగరు సరాయియు, కొండపల్లి కోటయు, బందరు రేవును ఆ బసల నడుమ చిక్కిన వేళలో చూడవలసినవట.

చాపయు, చెంబును, వాన పడని అరుగును ఉన్నచో యాత్రికునకు చాలుననియు, బసను ముందుంచి చూడవచ్చిన చోటును వెనుకకు నెట్టుట యాత్రాధర్మమునకు విరుద్ధమనియు నేనీ శీర్షికలో ఎన్నిమార్లు వ్రాసితినో పాతపఠితలకు తెలియును. అబ్బాయికి మాటతో గాక ప్రమాణముతో బుద్ధి చెప్పవలెనని, మా నాయనగారి నాటినుండి ఇంటనున్న ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రను బీరువానుండి దించితిని.

మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన ఆ మహనీయుడు 1830 మే 18వ తేదీన బయలుదేరి, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశి చేరి, కలకత్తా, జగన్నాథముల దారిని 1831 సెప్టెంబరు 3న మరల ఇల్లు చేరెను. దారిపొడవునను మిత్రుడగు కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్లెకు వ్రాసిన లేఖలే 1838లో అచ్చుపడినవి. అంతటి భక్తుడు సౌఖ్యమును తృణీకరించిన పుట ఒక్కటైనను దొరకకపోదని రాత్రి చాలసేపు వెదకితిని. దొరకినది వేరు. మజిలీ వెంబడి మజిలీగా, ఊరు పెద్దదా చిన్నదా, సత్రమున్నదా, నీరు మంచిదా, అంగళ్లలో సరకులు దొరకునా, నీడ గలదా, దారి రేగడియా రాతినేలయా యనునవే మొదట వ్రాయబడియున్నవి. పెక్కుచోట్ల దేవుడు తరువాతనే వచ్చుచున్నాడు. ఇది సౌఖ్యలోలత్వము కాదు. తన వెనుక వచ్చువాడు దప్పికతో, చీకటిలో, తెలియని యూర నిలువబడరాదన్న దయ. ఏబదియేండ్లుగా నా చేతనున్న పుస్తకమును నేనెంత తొందరగా చదివితినో ఆ రాత్రి తెలిసినది.

ఫలక్‌నుమాను గూర్చియు నా యాలోచన నిలువలేదు. 1884లో వికారుల్ ఉమ్రా కట్ట నారంభించిన ఆ మేడ, పిదప ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వశమై, ఆయన రాజాతిథులకు విడిదియయ్యెను. అనగా బస యగుటయే దాని పాతవృత్తి. అతిథులు రాక దశాబ్దములపాటు మూతపడి, ఎస్రా రాకుమారి పర్యవేక్షణమున సుమారు పదియేండ్లు మరమ్మతులు జరిగి, 2010లో హోటలుగా తెరువబడినది. నూటొక్కరు కూర్చుండు ఆ భోజనపు బల్లకు మరల పంక్తి దొరకినది.

బుధవారమున, ప్రయాణమునకు ముందే, అబ్బాయిని వెంటబెట్టుకొని హయత్‌నగరు పోయితిని. నగరనిర్మాత మహమ్మదుకులీ కుమార్తె హయాత్ బక్షీ బేగము కట్టించిన మసీదును, దాని చుట్టునున్న సరాయి గదులను, విజయవాడ దారిలో ఎన్నియో మార్లు పోవుచును నేనొక్కమారైనను దిగి చూచినవాడను కాను. మన పొరుగున మాసాహెబ్ ట్యాంకను పేరు ఆమెదే. దానినైనను దినమునకు పదిమార్లు పలికి, ఒక్కమారు తలచితిమా? కమానుల వెనుక గదులు వరుసగా నున్నవి. ఒక బాటసారికిని అతని మూటకును చాలునంతటివి. ఏ సుంకరియో, ఏ వజ్రవర్తకుడో, ఏ బీదపకీరో అందు నడుము వాల్చి, తెల్లవారగనే రేవువైపు సాగియుందురు. అట్టి గదులను కట్టించిన రాణికిని, నీటిబావిని గుర్తుగా వ్రాసిపెట్టిన ద్విభాషికిని బుద్ధి యొక్కటే.

మా మేనల్లుడు ఒక గదిలో నిలిచి, గోడను అరచేత తడవి చూచి, “మామయ్యా, పొద్దుపోయి వచ్చినవాళ్లకి ఇక్కడ నీళ్లెక్కడ దొరికేవి?” అని యడిగెను. మసీదు చెంతనున్న హాథీబావికి అతనిని తోడ్కొని పోయితిని.