పిందెను వేలుపెట్టి చూపరాదు

మా వీధిలో క్రొత్తగా పెరటిసేద్యము మొదలిడిన యువకుడొకడు ఈ వారము వచ్చి, మృగశిరకార్తెలో తాను పెట్టిన బీరపాదు పందిరినిండ పూయుచున్నదే కాని పూచినది పూచినట్లే రాలిపోవుచున్నదనియు, దానిని పీకివేసి వేఱొక కంపెనీ విత్తనము నాటదలచితిననియు చెప్పెను. మొదట విచ్చునవి మగపూలనియు, అడుగున సన్నని పిందెతో వచ్చు ఆడుపూవు అటుపిమ్మటగాని రాదనియు, కాకర, గుమ్మడులవలె నుదయమున గాక బీర సంజవేళ పూచును గనుక దీపములు పెట్టువేళకు పెరటిలోనికి పోయి చూడవలెననియు బోధించితిని. కారణ మెఱిగి పనిచేయుడని, చాదస్తములు మానుడని ఈ శీర్షికలో నేనెన్నిమారులు గొణిగితినో పాఠకులెఱుగుదురు; పందిరికి పాతచెప్పు వ్రేలాడుట చూచినంతనే నా కలమునకు దురదపుట్టును.

ఇంతలో నతడు మా పందిరివంక చేయి చాచి, "మాస్టారూ, ఇదేనా పిందె?" అనగా, "వేలు ముడువు నాయనా!" అని నా నోట వెలువడెను.

ఆ మాట మా అమ్మమ్మది. పిందెను వేలుపెట్టి చూపినచో కుళ్లిపోవునని యామె నమ్మకము. చూపక తప్పనపుడు వేలు మడిచి కణుపుతో చూపెడిది. రాలిన పిందెను మాత్ర మొక్క పూటయైన మట్టిపై నుండనీయక, దృష్టి తగిలినదని ఏరి పొయ్యిలో వేసెడిది. కుళ్లునకు కారణము దృష్టి కాదు, పండుఈగ; అది లేతతొక్కను గ్రుచ్చి గ్రుడ్లు పెట్టగా, పురుగులు లోపల తిని బలిసి, రాలిన కాయను వీడి మట్టిలో దూరి, మరల ఈగలై లేచును. రాలిన కాయల నేరి నాశనము చేయుడనియే వ్యవసాయశాస్త్రజ్ఞులును చెప్పుదురు. ఈగ నెఱుగకయే అమ్మమ్మ దాని వంశమును పొయ్యిపాలు చేసినది.

తొలియేటి తోటకు తొలి తెగులు తోటవాని చేయి ఊరకుండకపోవుటయే: తడియారని పాదులో మరల నీరు పోయుట, మాగని పేడ వేసి వేళ్లను మాడ్చుట, యూరియా మితిమీఱ చల్లి ఆకునే పెంచి పూతను వెనుకకు నెట్టుట. అట్టివానిని పందిరికి బారెడు దూరమున నిలుపుటకు, పుష్పముల లింగభేదమును గూర్చి నేను చేసిన ఉపన్యాసముకంటె అమ్మమ్మ నిషేధమే యెక్కువ యక్కఱకు వచ్చునేమో యని యిపుడు తోచుచున్నది.

అంతమాత్రమున పాతచెప్పును నేను సమర్థింపను. పొట్లకాయ కొసకు రాయి కట్టుటయు నాకు సమ్మతము కాదు. సంతలో తిన్నని కాయకు మంచి ధర పలుకునేమో గాని, ఇంటిలో పెసరపప్పు వేసి వండుకొను కూరకు వంకర యేమి యడ్డము?