షుల్జ్ తెలుఁగు వ్యాకరణము

బెంజమిన్ షుల్జ్ అను జర్మను మతబోధకుఁడు 1719లోఁ దరంగంబాడి చేరి, అరవము నేర్చి, పిమ్మటఁ జెన్నపట్టణమునఁ దెలుఁగునకుఁ బూనుకొనెను. 1728లో నతఁడు లాటినున వ్రాసిన తెలుఁగు వ్యాకరణము 1984లోఁగాని హాలె నగరమున నచ్చుపడలేదు. దానిఁ జూచి మా యోరుగంటి పండితు లొకరు “చింతామణి వాసనయే లేని యిదియు నొక వ్యాకరణమా?” యనిరి. ఆ యాక్షేపము నా కంగీకారము గాదు. షుల్జ్ కావ్యములు చదువ వచ్చినవాఁడు కాఁడు. వీథిజనులతో మాటాడి బోధింప వచ్చినవాఁడు. కావుననే మనవారు గ్రామ్యమని త్రోసిన చెన్నపురి వాడుకమాట కొంత యిందుఁ జిక్కినది. దోషము లేదా? కలదు. తెలుఁగు విభక్తులను లాటిను చట్రమున బిగించినాఁడు. అతని బైబిలు తెలిఁగింపు వ్రాతప్రతిగనే నిలిచినది. 1746లో హాలెయం దచ్చొత్తించిన చిన్నపొత్తములు మాత్రము దొరకును. వానితో నీ వ్యాకరణమును బుటపుటకు సరిచూడవలసి యున్నది.