రెండు మీటర్ల కవిత

మడిస్తే కోటు జేబులో పడుతుంది. చేత్తో రంగులద్దిన తోలు అట్ట తీసి విప్పడం మొదలుపెడితే, మడత వెనక మడత జారి మనిషి నిలువును దాటిపోతుంది. 1913లో పారిస్‌లో బ్లేజ్ సాండ్రార్ రాసిన కవితకు సోనియా దెలోనే రంగులు కట్టిన పుస్తకం ఇది. పేరు 'ట్రాన్స్‌సైబీరియన్ గద్యం, ఫ్రాన్స్ చిన్నారి జాన్'. పేరులో గద్యమని ఉన్నా, లోపల ఉన్నది నాలుగు వందలకు పైగా పాదాల కవిత.

ఒక కుర్రాడు మాస్కోలో రైలెక్కి తూర్పుగా పోతుంటాడు. పక్కన జాన్ అనే అమ్మాయి. కిటికీ అవతల రష్యా–జపాన్ యుద్ధం తాలూకు గాయాలు. ఇంత పొడుగు ప్రయాణాన్ని పేజీలుగా కోస్తే రైలు పేజీకోసారి ఆగినట్టే. అందుకని నాలుగు కాగితాలు కొసకు కొస అంటించి ఒకే పట్టీ చేశారు. ఎడమ పక్క రంగులు పైనుంచి కిందికి దొర్లుతుంటే కుడి పక్క కవిత నడుస్తుంది. పదికి పైగా రకాల టైపులు, రంగు సిరాలు. ఒక పాదం ఈ అంచున ఉంటే ఇంకో పాదం ఆ అంచున. పైన రైలు దారి మ్యాపు. అట్టడుగున చిన్న ఎర్రని ఐఫిల్ టవరు, దాని చుట్టూ చక్రం. కవిత పారిస్ చేరేసరికి చదివేవాడి కన్నూ సరిగ్గా అక్కడికే దిగుతుంది.

సోనియా ఈ కవితకు రైలు గీయలేదు, మంచు గీయలేదు, జాన్‌నీ గీయలేదు. అడుగున ఆ టవరు, చక్రం తప్ప అన్నీ అర్ధచంద్రాలు, వంపులు, పట్టీలే. ఒక రంగు పక్కన ఇంకో రంగు పెడితే రెండూ మారి కనిపిస్తాయన్నది ఆమె పట్టుకున్న సూత్రం. ఆ చూపు ఆమెకు అబ్బిన తీరు చెప్పే వస్తువు ఒకటుంది: 1911లో పసికందు కొడుకు కోసం గుడ్డముక్కలు అతికి కుట్టిన బొంత. ఆమె పుట్టింది ఉక్రెయిన్ నేల మీద. అక్కడి రైతుల ఇళ్లలో అలాంటి బొంతలు చూసిందట. మన అమ్మమ్మలు పాత చీరలతో కుట్టినవీ అవే కదా. ఈ పుస్తకం వేరు ఆ బొంతలోనే ఉందని నేను నమ్ముతాను.

రంగులు వేసిన పద్ధతిని 'పోష్వార్' అంటారు. ఎన్నికల గుర్తులు గోడమీద వేసే రేకు అచ్చు చూసినవారికి ఇది కొత్తేమీ కాదు. ఒక్కో రంగుకు ఒక్కో రేకు. ఆ రంగు పడాల్సిన మేరకే దాన్ని కోస్తారు. రేకును కాగితానికి కదలకుండా ఆనించి గుండ్రటి కుంచెతో రంగు అద్దుతారు. అది ఆరాకే తరవాతి రేకు. రంగు పలచనైతే రేకు కిందికి పాకుతుంది, చిక్కనైతే అంచున గట్టు కడుతుంది. ఆ చిన్న తేడాల వల్ల ఏ రెండు ప్రతులూ అచ్చంగా ఒకటి కావు.

ఇక మడత. ఇలాంటి పుస్తకం నేను మొదటిసారి చేసినప్పుడు డ్రాయింగు కాగితం ప్రతి మడత దగ్గరా పగిలి, రంగు పెచ్చులుగా లేచిపోయింది. కాగితానికీ వాటం ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. నార సాగిన వైపే మడిస్తే గీత తిన్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే నార తెగుతుంది. కొనగానే కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూడాలి. ఏ వైపు సులువుగా వంగితే మడత ఆ వైపు.

సాండ్రార్, సోనియా 150 ప్రతులు వేద్దామనుకున్నారు. అన్నీ విప్పి ఒకదానిపై ఒకటి నిలబెడితే ఐఫిల్ టవరంత ఎత్తు రావాలని వాళ్ల లెక్క. అన్ని ప్రతులు తయారుకాలేదు.

కవిత్వానికి చేతిస్పర్శ కావాలన్న తపన మనకూ ఉంది. 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి 'మహాప్రస్థానం'ను శ్రీశ్రీ దస్తూరీతోనే అచ్చువేయించి, ఆయన గొంతు క్యాసెట్టుగా జతచేశారు. ఆ తోవన ఇంకొంత దూరం నడవవచ్చు. కవితా సంపుటి అచ్చువేయబోయే మిత్రులారా, ఒక్క కవితనైనా విడిగా తీసి పది ప్రతులు చేత్తో చేయించండి. మంచి కాగితం, జిగురు, నాలుగు రేకు ముక్కలు, ఆ కవితను ప్రేమించే ఒక చిత్రకారుడు ఉంటే చాలు.