తీసేయడమూ ఒక విద్యే

పెద్ద కంపెనీల ఐటీ సమీక్షల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: ఈ ఏడాది కొత్తగా ఏం తెస్తున్నాం? క్లౌడ్‌కి ఎంతవరకు మారాం, కృత్రిమ మేధను ఎక్కడెక్కడ పెట్టాం, కొత్త యాప్ ఎప్పుడు విడుదల చేస్తాం అంటూ చర్చ సాగుతుంది. జాబితా ఎంత పొడుగ్గా ఉంటే అంత తృప్తి. ఇలాంటి సమావేశాల్లో ఏళ్లుగా కూర్చుంటున్న నాకు మరో ప్రశ్న మాత్రం ఎప్పుడో గానీ వినిపించదు: ఈ ఏడాది ఏం తీసేశాం? పాత వ్యవస్థలను పద్ధతిగా ఆపి, విప్పి, తొలగించడం పెద్ద సంస్థల ఐటీలో అన్నిటికన్నా అవసరమైన పని. గుర్తింపు దక్కనిదీ అదే. నేను చేసేది ఎక్కువగా ఆ పనే కాబట్టి, దాని గురించి ఈ వారం కాస్త వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

ముందుగా ఒక ఉదాహరణ. నైట్ క్యాపిటల్ అప్పట్లో అమెరికా షేర్ మార్కెట్లో పేరున్న ట్రేడింగ్ సంస్థ. 2012 ఆగస్టు 1న మార్కెట్ తెరిచిన తొలి 45 నిమిషాల్లో ఆ సంస్థ చేసిన లావాదేవీల వల్ల 46 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. కారణం 'పవర్ పెగ్' అనే పాత ప్రోగ్రాం. దాని వాడకం 2003లోనే ఆగిపోయింది, కోడ్‌ను మాత్రం సర్వర్లలో అలాగే ఉంచేశారు. 2012లో కొత్త ప్రోగ్రాం రాసినప్పుడు, ఒకప్పుడు పవర్ పెగ్‌ను నడిపించిన ఫ్లాగ్‌నే (ఆన్ చేసే గుర్తునే) దానికీ వాడారు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ చేరింది. మిగిలిన ఆ ఒక్కదాంట్లో, ఫ్లాగ్ తగలగానే పాత ప్రోగ్రాం లేచి ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపడం మొదలుపెట్టింది. ఎన్ని షేర్లు కొన్నామో లెక్కచూసి 'ఇక చాలు' అని ఆపాల్సిన భాగాన్ని 2005లోనే వేరే చోటికి మార్చేశారు. దాంతో దాన్ని ఆపేది లేకపోయింది. కస్టమర్లు ఇచ్చినవి 212 ఆర్డర్లు. వాటికోసం 154 కంపెనీల షేర్లలో 40 లక్షల లావాదేవీలు జరిగిపోయాయి.

అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2013లో ఇచ్చిన ఉత్తర్వులో ఇంకో రెండు సంగతులున్నాయి. మార్కెట్ తెరవకముందే సిస్టం 97 ఈమెయిళ్లు పంపింది. వాటిలో పవర్ పెగ్ పేరు కూడా ఉంది. వాటిని ఎవరూ హెచ్చరికగా తీసుకోలేదు. గందరగోళం మొదలయ్యాక, తప్పు కొత్త కోడ్‌దే అనుకుని సరిగ్గా పనిచేస్తున్న ఏడు సర్వర్ల నుంచి దాన్ని వెనక్కి తీసేశారు. అప్పుడు ఆ ఏడింటిలోనూ పాత ప్రోగ్రామే నడిచింది, నష్టం పెరిగింది. వెనక్కి వెళ్లడం క్షేమమని మా వృత్తిలో అందరం నేర్చుకుంటాం. వెనకాల ఏముందో తెలిసినప్పుడే అది క్షేమం. ఈ ఘటనను చాలామంది డిప్లాయ్‌మెంట్ పొరపాటుగా చెబుతారు. నాకు మాత్రం ఇది తొమ్మిదేళ్లపాటు ఎవరూ పూర్తి చేయని తొలగింపు పనిగానే కనిపిస్తుంది.

తీసేయని కోడ్‌తో మన తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి సంబంధం ఉంది. కంప్యూటర్ మెమరీ చాలా ఖరీదుగా ఉన్న రోజుల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసేవారు. 2000 వచ్చేలోపు ఆ ప్రోగ్రాంల స్థానంలో ఎలాగూ కొత్తవి వస్తాయని రాసినవాళ్లు అనుకున్నారు. రాలేదు. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో అవే నడుస్తూ వచ్చాయి. శతాబ్దం మారితే తేదీలు తప్పుతాయని 1990ల చివర్లో వాటిని సరిదిద్దడానికి ప్రపంచమంతా మనుషుల కోసం వెతికితే, అమీర్‌పేటలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్న పిల్లలు ఎందరో విమానాలెక్కారు. మన ఇళ్లల్లో చాలామందికి తొలి విదేశీ ప్రయాణం ఆ పాత కోడ్ పుణ్యమే. ఇప్పుడు హైదరాబాద్‌లోని గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లలో ఎన్నో బృందాలు చూసుకుంటున్నదీ, ఎక్కడో మొదలై దశాబ్దాలుగా పేరుకుపోయిన ఇలాంటి వ్యవస్థలనే. అంటే ఈ విద్య ఇక్కడివాళ్లకే ఎక్కువ అవసరం.

అవసరమని తెలిసీ ఎందుకు జరగదు? మొదటి కారణం భయం. కొత్తది పెట్టి చెడిపోతే ప్రయత్నం చేశారంటారు, నడుస్తున్నదాన్ని ఆపి ఏదైనా చెడితే మాత్రం ఎవరు ఆపమన్నారని నిలదీస్తారు. రెండోది డబ్బు. కొత్త ప్రాజెక్టుకు బడ్జెట్ ఉంటుంది, దాని స్థానంలో పోవాల్సిన పాతదాన్ని విప్పడానికి అందులో పైసా ఉండదు. గో-లైవ్ కాగానే బృందాన్ని ఇంకో పనికి మారుస్తారు. పాతది 'కొన్నాళ్లు పక్కనే ఉండనిద్దాం' అన్న మాట మీద ఏళ్లు గడుపుతుంది. మూడోది నిబంధనలు. యంత్రం పోయినా దాన్ని అడిగే రూలు మిగిలిపోతుంది. జపాన్ ప్రభుత్వం ఫ్లాపీ డిస్కులను వదిలించుకోవడానికి 2024 దాకా పట్టింది. అడ్డుపడ్డది ఫ్లాపీ కాదు, వాటిని తప్పనిసరి చేస్తూ పేరుకుపోయిన వెయ్యికి పైగా నిబంధనలు. వాటిని ఒక్కొక్కటిగా రద్దుచేశాకే ఆ పని అయింది.

అటక మీద పాత సామానులా ఒక మూల పడి ఉంటుందిలే అని మేనేజర్లు తరచూ అంటారు. సర్వర్‌లోని పాత సాఫ్ట్‌వేర్ అలా పడి ఉండదు. దానికి కరెంటు ఉంది, నెట్‌వర్క్ ఉంది, డేటాబేస్‌లోకి వెళ్లే అనుమతి ఉంది. 2016 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగే ఒకరు, ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ-1 అనే పద్ధతిని వాడడం మానేయండని బహిరంగంగా కోరారు. అది అప్పటికే దాదాపు ముప్పై ఏళ్ల నాటిది. చాలా సంస్థలు ఆపలేదు. 2017 మేలో వాన్నాక్రై దాడి ఆ దారినే వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అదే ఏడాది అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్‌లో సుమారు 14.7 కోట్ల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. వాళ్లు లోపలికి వచ్చిన దారి, 1970లలో మొదలైన ఒక వ్యవస్థకు తగిలించిన వెబ్ పోర్టల్. లోపమున్న సాఫ్ట్‌వేర్‌కు ప్యాచ్ రెండు నెలల ముందే వచ్చింది. అది తమ దగ్గర ఎక్కడెక్కడ ఉందో చెప్పే పూర్తి జాబితా మాత్రం ఆ సంస్థకు లేదు.

కాబట్టి తొలగింపు పని జాబితాతోనే మొదలవుతుంది. సర్వర్ పేరు దొరుకుతుంది, ఐపీ అడ్రస్ దొరుకుతుంది. దాన్ని అడిగి పెట్టించుకున్న మనిషి దొరకడమే కష్టం. బదిలీ అయి ఉంటారు, ఉద్యోగం మారి ఉంటారు, లేదా ఆ విభాగమే ఇప్పుడు ఉండదు. యజమాని దొరకనిదే నేను ఏదీ ఆపను. ఎవరూ ముందుకు రాకపోతే, ఆ లెక్కలతో ఎక్కువ సంబంధమున్న విభాగాధిపతి పేరు రాయించి సంతకం తీసుకుంటాను. పేరు రాసిన రోజునే సగం చిక్కులు విడిపోతాయి. బిల్లు తన ఖాతాలో పడుతుందని తెలిశాక, ఇది నిజంగా కావాలా అని ఆయనే అడగడం మొదలుపెడతారు.

తర్వాత లాగ్‌లు చూడాలి. కనీసం ఒక పూర్తి ఆర్థిక సంవత్సరం చూడాలి. మూడు నెలలు ఎవరూ ముట్టుకోలేదు కదా అని తీసేస్తే మార్చి నెలాఖరున పట్టుబడతాం. ఒకసారి అకౌంట్స్ విభాగంలో ఒక సీనియర్ ఉద్యోగినిని అడిగాను.

"ఈ రిపోర్టు మీకు ఇంకా అవసరమా మేడమ్?"

"మార్చిలో ఒక్కసారి తీస్తామండీ. ఆడిటర్ గారు అడుగుతారు."

"మిగతా పదకొండు నెలలూ?"

"తెరవనే తెరవమండీ."

ఆ ఒక్క రిపోర్టు కోసం ఒక సర్వర్, ఒక డేటాబేస్ లైసెన్సు, దాన్ని కనిపెట్టుకుని ఉండే ఆన్‌కాల్ మనిషి ఏడాది పొడవునా పనిచేస్తున్నారు. ఆడిటర్ గారికి అందులో నిజంగా కావాల్సింది రెండు మొత్తాలే అని కనుక్కుని, వాటిని కొత్త సిస్టం నుంచే వచ్చేలా చేయించాం. అక్కడ అక్కరకొచ్చింది ప్రోగ్రామింగ్ కాదు, ఆమె టేబుల్ పక్కన కుర్చీ వేసుకుని పని ఎలా జరుగుతుందో చూడడం.

ఆపైన దశలవారీగా నడవాలి. మొదట పాత వ్యవస్థలో కొత్త ఎంట్రీలు ఆపి, చూడడానికి మాత్రమే వీలుగా ఉంచుతాం. కొన్ని వారాల తర్వాత అందరికీ ముందే చెప్పి, నెలాఖరు కాని రోజు చూసి, నెట్‌వర్క్ నుంచి విడదీస్తాం. ఏదీ చెరపం. ఎవరైనా కేకేస్తే గంటలో తిరిగి కలపగలగాలి. మా వృత్తిలో దీన్ని స్క్రీమ్ టెస్ట్ అంటారు. అంతా అడిగి తెలుసుకున్నాక చివర్లో చేసే పరీక్ష ఇది. అడగడం ఎగ్గొట్టి నేరుగా తీగ లాగితే అది తోటి ఉద్యోగుల మీద మోపే భారం.

డేటా సంగతి వేరు. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలపాటు ఉంచాలి. మరోవైపు, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అవసరం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని చెరిపేయమంటుంది. ఏది ఉంచాలో, ఏది చెరపాలో తేల్చడానికి లీగల్ విభాగాన్ని మొదటి రోజు నుంచే పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఇక చివరి దశలో అందరూ మరిచిపోయేవి ఉంటాయి: సర్వర్ కోసం ఫైర్‌వాల్‌లో తెరిచిన దారి, దానికి ఇచ్చిన యూజర్ ఐడీలు, రాత్రిపూట నడిచే జాబ్‌లు, తనంతట తానే రెన్యూ అయ్యే లైసెన్సు. సర్వర్ పోయినా ఇవి మిగిలితే పని పూర్తయినట్టు కాదు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చాక ఈ పని వెనక్కి పోతుందని కొందరంటున్నారు. ముందుకు రావాలని నేనంటాను. కంపెనీ ఫైళ్లన్నీ వెతికి జవాబిచ్చే సహాయకుణ్ణి పెడితే, అది ఎప్పుడో రద్దయిన సెలవుల విధానాన్ని కూడా నమ్మకంగా చెప్పగలదు. అప్పట్లో అందరికీ తెరిచి మరిచిపోయిన జీతాల ఫైలును అడిగినవాళ్లకల్లా చూపించగలదు. ఎవరూ వెతకరు గనుక ఇన్నాళ్లూ బయటపడని పాత అనుమతులన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. పైగా కోడ్ రాయడం చవకైంది. నెలలు పట్టే ప్రోగ్రాం వారంలో తయారవుతోంది. రాయడం ఎంత చవకైతే, రేపు తీసేయాల్సినవి అంత ఎక్కువవుతాయి. పాత కోబాల్ ప్రోగ్రాంను చదివి అందులో ఏముందో వివరించడంలో ఈ పరికరాలు నిజంగా సాయపడుతున్నాయి, నేనూ వాడుతున్నాను. ఆ ప్రోగ్రాం మీద ఏ విభాగంలో ఎవరు ఆధారపడి ఉన్నారో మాత్రం కోడ్‌లో రాసి ఉండదు. దానికి మనిషి వెళ్లి మనిషిని అడగాల్సిందే.

పెద్ద సంస్థలను నడిపేవారికి నా విన్నపం నాలుగు మాటల్లో చెబుతాను. ప్రతి కొత్త ప్రాజెక్టు అనుమతి పత్రంలోనే, దానివల్ల ఏ పాతది పోతుందో, ఏ తేదీకి పోతుందో, అందుకు డబ్బెంతో రాయించండి. పాతది పోయేదాకా ప్రాజెక్టు ముగిసిందని ఒప్పుకోకండి. నడుస్తున్న ప్రతి వ్యవస్థకూ ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న ఒక మనిషి పేరు ఉండేలా ఏటా సరిచూడండి. అప్రైజల్‌లో కొత్తది కట్టినవారికి ఇచ్చినన్ని మార్కులే పాతదాన్ని ఎవరికీ ఇబ్బంది లేకుండా విప్పినవారికీ ఇవ్వండి.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలతో ఇంకో మాట. మిమ్మల్ని పాత వ్యవస్థ మూసివేత ప్రాజెక్టులో వేశారంటే కెరీర్ వెనకబడిందని దిగులుపడకండి. కొత్త ప్రాజెక్టులో మీకు దొరికేది ఒక్క మాడ్యూలే. మూసివేతలో మాత్రం డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, సరుకు ఎలా కదులుతుందో, చట్టం ఎక్కడ అడ్డుపడుతుందో, ఏ టేబుల్ దగ్గర ఎవరి పని ఆగుతుందో అన్నీ చూస్తారు. కంపెనీ ఎలా నడుస్తుందో నాకు తెలిసింది ఏ శిక్షణ తరగతిలోనూ కాదు, ఒక్కో వ్యవస్థనూ జాగ్రత్తగా విప్పుతున్నప్పుడే. అంతగా తెలిసినవారు తర్వాత ఏది కట్టినా, విప్పడానికి వీలుగా కడతారు.