ఇంట్లో ఏం జరిగిందని అడిగితే సరిపోదు

చిన్నప్పుడు కష్టాలు పడ్డవాళ్లకి పెద్దయ్యాక మరో దెబ్బ తగిలితే కోలుకోవడం కష్టమని మనోవైద్యం చాలాకాలంగా చెబుతోంది. మాట నిజమే. పేచీ అంతా ‘కష్టం’ అంటే ఏమిటన్న దగ్గరే. 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా బృందం ప్రకటించిన అధ్యయనం ఏడు రకాల బాల్యకష్టాల్ని లెక్కగట్టింది. తిట్లు, దెబ్బలు, లైంగిక హింస, తల్లిని హింసించడం, ఇంట్లో తాగుడు, మానసిక జబ్బు, జైలు. దాదాపు అన్నీ గడప లోపలివే. తర్వాత కొందరు జాతివివక్షని కూడా కలిపారు, అది వేరే సంగతి.

ఈ లెక్క పట్టుకుని అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ చదవండి. బళ్లో కూర్చోడానికి గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకోవాలి. ప్యూన్ కుళాయి తిప్పితేనే నీళ్లు. 1901లో తండ్రి దగ్గరకి వెళ్తుంటే, మహర్లని తెలిసి స్టేషన్ మాస్టరు వెనక్కి జరిగాడు. రెట్టింపు బాడుగ ఇస్తామన్నా బండివాడు పక్కన కూర్చోలేదు, పిల్లలే బండి తోలుకున్నారు. అన్నం మూట ఉంది, నీళ్లు లేక రాత్రంతా పస్తు. ప్రేమగల తండ్రి, చదువున్న ఇల్లు. ఆ ఏడు ప్రశ్నల్లో ఒక్కదానికీ ఇదంతా దొరకదు!

ఆ తర్వాత బరోడా. విదేశాల్లో ఉన్న అయిదేళ్లలో తాను అంటరానివాణ్ణన్న స్పృహే చెరిగిపోయిందని ఆయనే రాసుకున్నాడు. పార్సీల సత్రంలో పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా అది తలుచుకుంటే ఆయనకి కన్నీళ్లు ఆగలేదు. నీళ్లివ్వనివాళ్లు వేరు, కర్రలెత్తినవాళ్లు వేరు. ఊరు, మతం కూడా వేరే. కారణం మాత్రం ఒక్కటే.

మనోవైద్యానికి అందనిది ఇదే. పాత ప్రమాదం అయిపోయింది, భయం మాత్రం మిగిలింది అన్నది దాని లెక్క. మనకి ఆ ‘అయిపోవడం’ ఎక్కడుంది? చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆనాటి ఎనిమిదేళ్ల పిల్లకి అప్పటికి ముప్ఫై దాటాయి. ఆమెని ‘ఇక భయం లేదు, మర్చిపో’ అనే కౌన్సిలింగు వైద్యమా, అబద్ధమా?

అలాగని మనవాళ్లూ తక్కువ తినలేదు. చచ్చినవాళ్లని లెక్కపెట్టాం, కేసులు లెక్కపెట్టాం. నిద్రపట్టని పిల్లల గురించి ఎంతమందిమి రాశాం? మనసు గోల మధ్యతరగతి జబ్బు అనేశాం. హాస్టలు గదిలో కుమిలిపోతున్న కుర్రాణ్ణి డాక్టరు ‘ఇంట్లో గొడవలున్నాయా’ అంటాడు, మనం ‘పోరాడు’ అంటాం. బళ్లో నిన్ను ఎక్కడ కూర్చోబెట్టార్రా అని మాత్రం ఇద్దరం అడగం.